పదికీ పదిన్నరకీ మధ్య

నెమ్మది మాస్టారు తన పుస్తకంలో ఆర్ అక్షరం దాకా వచ్చి ఆగిపోయారు.

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. రోజుకి నాలుగుసార్లయినా కిటికీలోంచి తల బయటపెట్టి "కొంచెం నెమ్మదండీ!" అని అరుస్తారు కాబట్టి నెమ్మది మాస్టారయ్యారు. ఆ అరుపు మాత్రం నెమ్మదిగా ఉండదు. ముప్ఫై ఏళ్ళు ఎనభైమంది ఉన్న క్లాసుకి ఇంగ్లీషు చెప్పిన గొంతది. ఆఖరి బెంచీలో కునుకు తీసేవాణ్ణి లేపడానికి అలవాటుపడింది. ఆయన రిటైరై మూడేళ్ళయింది గానీ ఆ సంగతి గొంతుకి ఎవరూ చెప్పలేదు.

రిటైరైన మర్నాటి నుంచీ ఆయన ఇంగ్లీషు పదబంధాల మీద పుస్తకం రాస్తున్నారు. ఒక్కో మాటకీ అర్థం, కింద వాడుక. అర్థం ఏ నిఘంటువులో చూసినా దొరుకుతుంది. వాడుక దగ్గరే మాస్టారికి పట్టుదల. తాను కళ్ళారా చూడని సంగతిని వాడుకగా రాయరు. కోడిగుడ్ల పెంకుల మీద నడవడం అనే మాట వచ్చినప్పుడు వంటింట్లో పెంకులు పరుచుకుని మరీ నడిచారు. ఆయన నడిచారు, భార్య ఊడ్చింది. సంచిలోంచి పిల్లిని వదలడం అనే మాట కోసం ఎదురింటి పిల్లిని సంచిలో పెట్టారు. దాని వాడుక ఆయన ముంజేతి మీద మూడు గీతలుగా ఇప్పటికీ ఉంది.

రాసిన వాక్యాన్ని రోజూ పొద్దున సరిగ్గా పది గంటలకి, కాఫీ తాగి, కిటికీ పక్కన కూచుని పైకి చదువుతారు. ఒకసారి కాదు, పదిసార్లు. మధ్యలో తెలుగు అర్థం చెప్పుకుంటారు, మళ్ళీ చదువుతారు. చెవికి నచ్చితేనే కాగితం మీద ఉంచుతారు. అరగంట పని.

ఆ సోమవారం వచ్చిన మాట "ర్యాలీ రౌండ్."

"ఏమోయ్, వింటున్నావా?"

"విననంటే మానేస్తారా?" అంది భార్య దుప్పటి మడతపెడుతూ.

"ర్యాలీ రౌండ్ అంటే, ఒక ఇంటికి కష్టం వస్తే చుట్టుపక్కలవాళ్ళు పిలవకుండానే వచ్చి తలా ఒక చెయ్యి వెయ్యడం. ద నైబర్స్ ర్యాలీడ్ రౌండ్. ఇరుగుపొరుగంతా వచ్చి ఆదుకున్నారు."

"బాగుంది. రాసెయ్యండి."

"ఎలా రాస్తాను? నేను చూశానా? ఈ వీధిలో ఉండగా చూసే యోగం ఉందా? అర్థం రాసి, కింద 'అరుదైన వాడుక' అని పెట్టి ఊరుకుంటాను."

దుప్పటి మడత సగంలో ఆగింది.

"అరుదా? పోయినేడు నా కాలు బెణికితే పైవాటా నర్సమ్మ పదిరోజులు వచ్చి కట్టు కట్టలేదూ?"

"అది ఆవిడ ఉద్యోగం."

"ఎదురింటి టైలరమ్మ మన దిళ్ళన్నిటికీ గలీబులు కుట్టి పంపలేదూ?"

"గుడ్డ మిగిలి ఉంటుంది."

"పక్కింటి వడ్రంగి మీ కుర్చీ కాలు బాగుచెయ్యలేదూ?"

"ఆ కుర్చీ ఇప్పటికీ కిర్రుమంటోంది. అతని రంపానికి సొంత చెల్లెల్లా!"

ఈ సంభాషణ ఎక్కడికి పోతోందో ఆవిడకి తెలుసు. ఊరి చివర ఒక ఇల్లు ఖాళీగా ఉందని ఆయన నెల్లాళ్ళుగా ఆ ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. దానికి ఒక పక్క మూతపడిన గోడౌను. ఇంకో పక్క ఎత్తైన గోడ. మనిషి అలికిడి లేదు. మాస్టారికి అది స్వర్గం. శనివారం లోపల ఏదో ఒకటి చెబుతానని ఆ ఇంటాయనకి మాటిచ్చారు.

"అటు గోడౌను, ఇటు గోడ, మధ్యలో నేనూ మీరూ," అంది ఆవిడ. "మీరు రాసుకుంటూ మాట్లాడరు. గోడౌను ఎలాగూ మాట్లాడదు. ఇక మిగిలింది గోడే. దాంతోనే కష్టం సుఖం చెప్పుకోమంటారు నన్ను. పదకొండేళ్ళుగా ఈ వీధిలో పొద్దున లేస్తే ముగ్గురు పలకరిస్తారు నన్ను. వాళ్ళని వదిలి నేను రాను."

"రుజువులున్నాయి నా దగ్గర," అని మాస్టారు సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీశారు. దాని అట్ట మీద 'చప్పుళ్ళు' అని గుండ్రటి చేతిరాతతో రాసి ఉంది. ఆరు నెలలుగా, భార్యని ఒప్పించడానికని, వీధిలో పుట్టిన ప్రతి శబ్దాన్నీ గంట, నిమిషం వేసి అందులో రాస్తున్నారు.

'వడ్రంగి: 7:40 నుంచి రంపం. పంటినొప్పి వచ్చిన ఏనుగు.'

'టైలరమ్మ: 8:15 నుంచి మిషను. రైలు వస్తున్నట్టే ఉంటుంది. వచ్చి పోదు.'

'నర్సు: 9:58కి పైన కుర్చీ లాగడం. రోజూ అదే కుర్చీ. ఎక్కడికి లాగుతుందో తెలియదు.'

'10 నుంచి 10:30 వరకు: ఎవరూ ఉండరు. భగవంతుడి దయ.'

ఈ ఆఖరి వాక్యాన్ని చూసే మాస్టారికి ఉపాయం తట్టింది. ఆ అరగంటలో రంపం ఉండదు, మిషను ఉండదు, కుర్చీ కదలదు. వడ్రంగి టీ తాగడానికి పోతాడు. టైలరమ్మ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి పోతుంది. నర్సు డ్యూటీ దిగొచ్చి పడుకుంటుంది. ఇవన్నీ ఆయన ఊహలు. చూసింది లేదు. వాడుక విషయంలో ఉన్న పట్టుదల చప్పుళ్ళ విషయంలో చూపించలేదు పాపం.

"పందెం వేసుకుందాం," అన్నారు. "నేను కష్టంలో పడతాను. ఎవరైనా వచ్చి బయటపడేస్తే ఇల్లు మారే మాట ఇక ఎత్తను. 'అరుదైన వాడుక' కూడా కొట్టేస్తాను. ఎవరూ రాకపోతే ఆదివారం సామాను కట్టడమే."

"ఏం కష్టం? గుండెనొప్పి అని కేకలేసి జనాన్ని హడలగొడితే ఒప్పుకోను. అబద్ధాలు వద్దు."

"మరి?"

"నిజంగానే ఇరుక్కోండి. మిమ్మల్ని సామాన్ల గదిలో పెట్టి, బయట గడియ వేసి, నేను కూరలకి వెళతాను."

"ఇంత ఉత్సాహంగా నువ్వు ఒప్పుకున్న పని పెళ్ళయ్యాక ఇదే మొదటిది," అన్నారు మాస్టారు అనుమానంగా.

"ఎప్పుడు?"

"గురువారం. పది నుంచి పదిన్నర. తలుపు తీసినవాళ్ళే వచ్చినట్టు లెక్క. నేను మూడుసార్లు పిలుస్తాను, అంతే."

ఆవిడ ఆయన ముఖంలోకి అదోలా చూసింది. "పదికేనా? ఇంకో టైము చూసుకోకూడదూ?"

"పదికే. మాట మార్చేది లేదు."

"మీ ఇష్టం," అని ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి చాలాసేపు పారింది. దాని వెనక ఉండుండి దగ్గు లాంటిది వినిపించింది. జలుబు చేసినట్టుంది, చల్లనీళ్ళలో చేతులు పెట్టకూడదు, అనుకున్నారు మాస్టారు.

గురువారం పదికి ఐదు నిమిషాలు. మాస్టారు హడావిడిలో కాఫీ సగమే తాగారు. చదవడానికి పనిలేదు కాబట్టి కళ్ళజోడు బల్ల మీద పెట్టారు. చప్పుళ్ళ పుస్తకం కూడా అక్కడే తెరిచి ఉంది, గెలవగానే అందులో తేదీ వేసుకోవాలని. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, చేతిగడియారం మాత్రం ఉంచుకుని సామాన్ల గదిలోకి నడిచారు.

"మంచినీళ్ళు కావాలా?" అంది ఆవిడ, గడియ మీద చెయ్యి వేసి.

"అరగంటకి మంచినీళ్ళెందుకు?"

"అరగంట పట్టదేమోలెండి," అని గడియ వేసి, సంచి తీసుకుని, వీధి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

గదిలో ఒక ఇనప పెట్టె, పాత బొంతలు, రెక్కలు లేని ఫ్యాను, పారెయ్యడానికి మనసొప్పని ముప్ఫై ఏళ్ళ పరీక్ష పేపర్ల కట్టలు ఉన్నాయి. మాస్టారు ఒక కట్ట మీద కూచున్నారు. పైన కుర్చీ లాగిన చప్పుడు. గడియారం చూసుకున్నారు. తొమ్మిది యాభై ఎనిమిది. పుస్తకం పొల్లుపోలేదు.

పదయింది. రంపం ఆగిపోయింది. మిషను ఆగిపోయింది. వీధంతా నిశ్శబ్దం.

ఆఖరి బెంచీని లేపిన ఆ గొంతుతోనే, ఊయలలో పసిపాప పక్కన మాట్లాడినట్టుగా, "ఎవరైనా ఉన్నారా అండీ?" అని మూడుసార్లు పిలిచారు. గోడ మీద బల్లి కూడా తల తిప్పలేదు. పందెంలో ఎంత గట్టిగా పిలవాలో రాసుకోలేదు కదా!

పది దాటి ఆరు నిమిషాలయింది. గదికి వీధివైపున్న చిన్న కిటికీలోంచి టైలరమ్మ గొంతు వినిపించింది.

"నర్సమ్మా! మాస్టారు ఇవాళ ఇంకా మొదలెట్టలేదేం?"

"అదే చూస్తున్నా అక్కా! ఎప్పుడైనా ఒక్క నిమిషం ఆలస్యమైందా ఆయనకి?"

ఏం మొదలెట్టాలి నేను, అనుకున్నారు మాస్టారు. పైగా బట్టలివ్వడానికి పోయిన మనిషి ఇంట్లో ఎందుకుంది? పడుకున్న మనిషి ఎందుకు మాట్లాడుతోంది?

"ఒంట్లో బాగుందో లేదో. పదండి చూసొద్దాం," అంది మూడో గొంతు. వడ్రంగి. టీ కొట్టులో ఉండాల్సిన వడ్రంగి!

మెట్ల మీద పరుగు. వీధి తలుపు తెరుచుకుంది. "మాస్టారూ!" "బాబాయిగారూ!" "పిన్నిగారూ!" ముగ్గురూ ఇంట్లోకి వచ్చేశారు.

పందెం పోయినట్టే అనుకున్నారు మాస్టారు. అయినా బుర్ర వకీలులా పనిచేసింది. తలుపు తీసినవాళ్ళే వచ్చినట్టు లెక్క. పదిన్నర దాకా తలుపు తియ్యకపోతే గెలుపు తనదే. ఆయన చప్పుడు చెయ్యకుండా ఇనప పెట్టె వెనక్కి చేరి, తల మీద బొంత కప్పుకున్నారు. బొంతకి ఎన్నేళ్ళ దుమ్ముందో ఆయన ముక్కు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"కాఫీ సగంలో వదిలేశారు," అంది నర్సు. "బాబాయిగారు కాఫీ వదిలే మనిషేనా!"

"కళ్ళజోడు ఇక్కడే ఉంది."

"బాత్రూము తలుపు రావడం లేదు!" అని అరిచాడు వడ్రంగి. "లోపల గడియ పడింది. పడిపోయారేమో!"

ఆ తలుపుకి గడియే లేదు. కొంచెం పైకెత్తి తొయ్యాలి, అంతే. ఆ మాట మాస్టారి నాలుక చివరదాకా వచ్చింది. పళ్ళతో పట్టి ఆపారు. బయట మూడు దెబ్బలు, ఒక పెళపెళ, దభీమని ఒక చప్పుడు. కోప్పడే వీలున్న రోజైతే కాగితం మీద 10:11 అని రాసుకునేవారు.

"లోపలెవరూ లేరు," అన్నాడు వడ్రంగి రొప్పుతూ. "బకెట్టుంది. తలుపు మాత్రం ఊడింది."

"ఇదేదో రాసిపెట్టారు చూడండి," అంది టైలరమ్మ. మాస్టారు బొంత కింద కళ్ళు మూసుకున్నారు. "చప్పుళ్ళట. ఇదిగో అన్నయ్యా, నీ గురించే. పంటినొప్పి వచ్చిన ఏనుగు."

"ఎవరు, నేనా?"

"నువ్వు కాదు, నీ రంపం. నా మిషను రైలట. నర్సమ్మ కుర్చీ ఎక్కడికి లాగుతుందో తెలియదట."

బయట కాగితాలు తిరగేసిన చప్పుడు. ఇక పుస్తకం చించి వీధిలో పోస్తారు, తనకి ఇల్లు మారక తప్పదు, అది కూడా తలెత్తుకోకుండా, అనుకున్నారు మాస్టారు.

"'పది నుంచి పదిన్నర వరకు ఎవరూ ఉండరు. భగవంతుడి దయ,'" అని మెల్లగా చదివింది టైలరమ్మ. "ఎవరూ ఉండరా? మరి నోరు మూసుకుని, పనాపుకుని, ఈయన పాఠం వినేదెవరు?"

మాస్టారు బొంతలోంచి ఒక చెవి బయటపెట్టారు.

"నేను కుర్చీ లాగేది కిటికీ దగ్గరికి," అంది నర్సు. "రాత్రంతా వార్డులో నిలబడి వచ్చాక ఆ గొంతు వింటేగానీ నిద్రపట్టదు నాకు. మూడోసారి చదివేసరికి కళ్ళు మూతలు పడిపోతాయి."

"నాకైతే ఒక్క ముక్క అర్థం కాదు," అన్నాడు వడ్రంగి. "కానీ ఆ గొంతు వినిపిస్తుంటే ఇంట్లో పెద్దవాళ్ళున్నట్టుంటుంది."

"నన్ను ఎనిమిదో తరగతిలో మానిపించి మిషను ముందు కూచోబెట్టారు," అంది టైలరమ్మ. "ఈ అరగంటే నా కాలేజీ. రోజూ ఆయన చెప్పిన మాట సుద్దతో గుడ్డ మీద రాసుకుంటాను. కత్తిరించేలోపల వచ్చేస్తుంది. ఇవాళ్టి గుడ్డ ఖాళీగా ఉంది."

మాస్టారికి తుమ్ము వచ్చింది. ముక్కు నొక్కుకున్నారు. గడియారం చూసుకున్నారు. పది పదిహేడు. ఇంకా పదమూడు నిమిషాలు ఊరుకుంటే చాలు. గోడౌను, గోడ, మధ్యలో ప్రశాంతత.

"చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి," అంది నర్సు. "ఈ ఎండలో చెప్పుల్లేకుండా, కళ్ళజోడు లేకుండా ఎటు వెళ్ళారో. అన్నయ్యా, నువ్వు బజారు వైపు చూడు. అక్కా, నువ్వు ఆసుపత్రికి ఫోను చెయ్యి. నేను పార్కు దాకా వెళతాను."

మాస్టారు బొంత తీసేశారు.

"ఇక్కడున్నానండీ!" అన్నారు. ఈసారి ఆఖరి బెంచీ గొంతుతోనే. ఆ వెనకే, అప్పటిదాకా ఆపుకున్న తుమ్ములు మూడూ వరసగా వచ్చాయి.

గడియ తీసేసరికి కనుబొమ్మల మీద సాలెగూడు, జుట్టునిండా దూది, వెనక పరీక్ష పేపర్లతో మాస్టారు దర్శనమిచ్చారు. నర్సు నాడి పట్టుకుంది. టైలరమ్మ దూది ఏరింది. వడ్రంగి మాత్రం గడియనే చూస్తూ నిలబడ్డాడు.

"బయటినుంచి పెట్టి ఉంది. ఎవరు పెట్టారు మాస్టారూ?"

మాస్టారు ఏదో చెప్పబోయి తుమ్మారు. అప్పుడే కూరల సంచితో ఆవిడ లోపలికి వచ్చింది. ఊడిన తలుపు చూసింది, ముగ్గుర్నీ చూసింది, చివరికి భర్తని చూసింది.

"ఆ గడియంతేనమ్మా, గాలికే పడిపోతుంది," అంది నిదానంగా. "పాపం ఎంతసేపున్నారో!"

వాళ్ళు కాఫీ తాగి వెళ్ళేదాకా మాస్టారు నేల చూపులు చూస్తూనే ఉన్నారు. వెళుతూ వెళుతూ వడ్రంగి గుమ్మంలో ఆగాడు. "ఏనుగు వరకూ ఒప్పుకుంటాను మాస్టారూ. పంటినొప్పి మాత్రం తీసెయ్యండి."

"అబద్ధాలు వద్దన్నావుగా?" అన్నారు మాస్టారు వాళ్ళు వెళ్ళాక.

"ఆ షరతు మీకు. నాకు కాదు."

"నీకు తెలుసా, వాళ్ళు వింటున్నారని?"

"మూడేళ్ళుగా తెలుసు. మీకు దగ్గొస్తే 'ఏమైంది పిన్నిగారూ' అని నన్నడుగుతారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రిజిస్టరు తెరిచి హాజరు వేసేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని బయట నిలబెట్టేవారు. ఎందుకొచ్చిన గొడవ?"

మాస్టారు ఆలోచించారు. వేసేవారే.

"సరే. శనివారం ఆ ఇంటాయనకి రామని చెప్పేస్తాను."

"సోమవారమే చెప్పేశాను."

"పందెం ఇవాళ కదా!"

"మీరు పది గంటలకి అన్నారు చూడండి, పందెం అప్పుడే అయిపోయింది," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి పారింది. దాని వెనక ఆ దగ్గు మళ్ళీ వినిపించింది. ఆవిడకి జలుబు లేదని మాస్టారికి ఇప్పుడు అర్థమైంది.

సాయంత్రం దాకా వడ్రంగి మాస్టారి వాకిట్లోనే కూచుని బాత్రూము తలుపు చిత్రికపట్టాడు. చెవులు చిల్లులు పడ్డాయి. మాస్టారు రెండుసార్లు కిటికీ దాకా వెళ్ళి, రెండుసార్లూ నోరు మూసుకుని వెనక్కి వచ్చారు.

మర్నాడు పొద్దున ఆయన కాఫీ పూర్తిగా తాగి కూచున్నారు. తొమ్మిది యాభై ఎనిమిదికి పైన కుర్చీ కదిలింది. అది ఎక్కడికి వెళుతోందో ఆయనకి ఇప్పుడు తెలుసు. రంపం ఆగింది. మిషను ఆగింది. ఇన్నాళ్ళూ తన భాగ్యమనుకున్న ఆ నిశ్శబ్దంలో మూడు ఊపిర్లు ఉన్నాయని గుర్తొచ్చి, ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఎప్పుడూ లేని బిడియం వచ్చింది. 'అరుదైన వాడుక' అన్న రెండు మాటలూ కొట్టేశారు. గొంతు తగ్గించి, తనలో తాను చదువుకున్నట్టుగా మొదలుపెట్టారు.

"ద నైబర్స్ ర్యాలీడ్ రౌండ్..."

ఎదురింటి కిటికీలోంచి, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చింది.

"మాస్టారూ, కొంచెం గట్టిగా అండీ!"